మొదటి సత్ప్రసాదానికి పిల్లల్ని తయారుచేయబోతున్న అల్లుడికి

అల్లుడూ,

ఈ ఏడు మీ ఊరి పిల్లల్ని మొదటి సత్ప్రసాదానికి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని తొలిసారి తీసుకోవడానికి, తయారుచేసే పని ఫాదర్ నీకు అప్పజెప్పినారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "నాకేం తెలుసని నన్ను పెట్టినారు" అని టెన్షన్ పడుతున్నావంట. కడప చుట్టుపక్కల ఊళ్లలో ఉపదేశిగా (వేదపాఠాలు చెప్పేవాడిగా) ఈ పని చాలాకాలం చేసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నా. పనికొచ్చింది ఉంచుకో.

ప్రశ్నోత్తరాల పుస్తకంతో మాత్రం మొదలుపెట్టొద్దు. బట్టీ పట్టిస్తే పిల్లలు వారంలో గడగడా అప్పజెబుతారు, పండగ అయిన మర్నాడు మరిచిపోతారు. పైగా మన దగ్గర ఒకే ఇంట్లో అన్న మన గుడికి పోతే తమ్ముడు ఇంకో సంఘానికి పోతుంటాడు. బడిలో పక్కన కూర్చున్న పిల్లోడు "మీ ఫాదర్ ఇచ్చే ఆ తెల్ల అప్పం సంగతి బైబిల్లో ఎక్కడుంది?" అని తప్పకుండా అడుగుతాడు. అప్పుడు మన బిడ్డ తెల్లమొహం వేయకూడదు, కొట్లాటకూ దిగకూడదు. ఇదిగో ఇక్కడుంది అని తీసి చూపించగలగాలి.

అందుకని నిర్గమకాండం 12వ అధ్యాయంతో మొదలుపెట్టు. ఐగుప్తులో ఆ చివరి రాత్రి. ఏడాది వయసున్న, ఏ లోపమూ లేని మగ గొర్రెపిల్లను కోసి, దాని రక్తం ద్వారబంధాలకు పూయమన్నాడు దేవుడు. గొర్రెల సంగతి మన సీమ పిల్లలకు నువ్వు చెప్పేదేమీ ఉండదు, వాళ్లే నీకు చెబుతారు. కానీ ఒకచోట ఆగు. రక్తం పూయడంతో పని అయిపోలేదు. ఆ రాత్రే ఆ మాంసాన్ని కాల్చి, పులియని రొట్టెతో, చేదు ఆకులతో తినాలి. నడుం బిగించుకుని, చెప్పులు తొడుక్కుని, చేతిలో కర్ర పట్టుకుని తినాలి. బలి ఎంత ముఖ్యమో దాన్ని తినడమూ అంతే ముఖ్యం. ఏటేటా ఆ రాత్రిని పాస్కా అనే పండగగా చేసుకోమన్నాడు కూడా. ఇది పిల్లల మనసులో నాటుకుందా, సగం పాఠం అయిపోయినట్టే.

ఆ తర్వాత నేరుగా యేసు శిష్యులతో కడరాత్రి భోజనం చేసిన యెరూషలేములోని మేడగదికి తీసుకుపో. మత్తయి 26, మార్కు 14, లూకా 22. అదే పాస్కా భోజనం. యేసు రొట్టె తీసుకుని ఇది నా శరీరం అన్నాడు, పాత్ర తీసుకుని ఇది నా నిబంధన రక్తం అన్నాడు. ఆ 'నిబంధన రక్తం' అన్న మాట సీనాయి కొండ దగ్గర మోషే అన్నదే. నిర్గమకాండం 24లో బలి రక్తాన్ని ప్రజల మీద చల్లుతూ అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి పెద్ద పిల్లలతో చదివించు. వాళ్ల ముఖాలు మారడం నీకే కనబడుతుంది. పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయం కూడా వదలొద్దు. అది సుమారు క్రీ.శ. 55లో రాసింది, అంటే నాలుగు సువార్తలకన్నా ముందుది. నేను ప్రభువునుండి పొందినదే మీకు అందించాను అంటాడాయన. టైముంటే అబ్రాహాము కాలంలో రాజూ యాజకుడూ అయిన మెల్కీసెదెకు రొట్టె, ద్రాక్షరసం తెచ్చిన కథ చెప్పు, లేకపోతే లేదు.

నువ్వు ఎక్కువసేపు కూర్చోవలసింది యోహాను 6వ అధ్యాయం దగ్గర. యోహాను కడరాత్రి భోజనంలో కాళ్లు కడగడం రాశాడు, అప్పం మీద పలికిన మాటలు రాయలేదు. కానీ ఇక్కడ ఒక అధ్యాయమంతా ఇచ్చాడు. ఐదువేల మందికి రొట్టెలు పంచిన మర్నాడు, నా శరీరాన్ని తిని నా రక్తాన్ని తాగితే తప్ప మీలో జీవం ఉండదు అన్నాడు యేసు. ఇదేం మాట, ఎవరు వినగలరు అని శిష్యుల్లోనే చాలామంది వెళ్లిపోయారు. ఆయన వాళ్లను వెనక్కి పిలిచి "నేను ఉపమానంగా అన్నాను" అనలేదు. పన్నెండుమంది వైపు తిరిగి మీరూ పోతారా అని అడిగాడు. పేతురుకు కూడా అంతా అర్థమైనట్టు కనబడదు, ప్రభూ మేం ఎవరి దగ్గరికి పోతాం అన్నాడంతే. పిల్లలకు సులువుగా ఉంటుందని కొందరు టీచర్లు "ఇది యేసుకు గుర్తు" అని చెప్పి గట్టెక్కేస్తారు. నాకది నచ్చదు. యేసే మెత్తబరచని మాటను మనమెందుకు మెత్తబరచాలి? అదే అధ్యాయంలో ఆత్మయే జీవమిస్తుంది అన్న 63వ వచనాన్ని వేరే సంఘాలవాళ్లు చూపిస్తారు. వాళ్లు అలా అర్థం చేసుకున్నారు, మన శ్రీసభ (కతోలిక సంఘం) ఇలా నమ్ముతుంది అని మర్యాదగా చెప్పు. ఎగతాళి వద్దు.

జొన్నరొట్టె ఎందుకు పనికిరాదు అని ఎవడో ఒకడు అడుగుతాడు, చూడు. గోధుమపిండి, నీళ్లు తప్ప ఇంకేమీ కలపని అప్పమే వాడాలన్నది శ్రీసభ చట్టం. మన తిండి తక్కువదని కాదు. ఆ ఐదువేల మందికి యేసు పెట్టినవి యవల రొట్టెలు, పేదోళ్ల తిండే.

అర్థం విషయంలో పెద్ద మాటలు వద్దు. పూజలో ఫాదర్ యేసు అన్న ఆ మాటలు పలికాక రంగు, రుచి అప్పానివే ఉంటాయి, ఉన్నది మాత్రం క్రీస్తే. 1551లో ట్రెంటు మహాసభ (శ్రీసభ బిషప్పుల పెద్ద సమావేశం) దీన్ని గట్టిగా ప్రకటించింది. పూజలో యేసు మళ్లీ మళ్లీ చనిపోడు. కల్వరిలో ఒక్కసారి జరిగిన బలే మన ముందుకు వస్తుంది. పిల్లలకు ఈ మాత్రం చాలు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పౌలు లేఖ రాసిన కొరింతు సంఘం సంగతి. అక్కడ డబ్బున్నోళ్లు ముందే తిని తాగి మత్తులో ఉంటే లేనోళ్లు ఆకలితో కూర్చున్నారు. పౌలు మండిపడి, మీరు చేసేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. రొట్టె ఒక్కటే కాబట్టి మనమందరం ఒకే శరీరం అని అంతకు ముందు అధ్యాయంలోనే చెప్పి ఉన్నాడు. మన ఊళ్ల సంగతి నీకు నేను చెప్పాలా? గుడిలో ఒకే వరుసలో నిలబడి తీసుకుని, బయటికొచ్చాక ఎవరి వీధి వారిది, ఎవరి గ్లాసు వారిది అయితే పౌలు మనల్నీ అలాగే తిడతాడు. పిల్లల్ని కులాన్ని బట్టి వేర్వేరుగా కూర్చోనివ్వొద్దు. పెద్దోళ్లు గొణిగితే గొణగనీ. సుమారు 155లో జస్టిన్ అనే వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) రోములో ఆదివారం పూజ ఎలా జరిగేదో రాసిపెట్టాడు. లేఖనాలు చదవడం, ప్రసంగం, అప్పం, ద్రాక్షరసం, జనం ఆమెన్ అనడం, రాలేని వాళ్ల ఇళ్లకు పంపడం, ఆ రోజు పోగైన సొమ్ము అనాథలకు, వితంతువులకు ఇవ్వడం. ఆ చివరిది కూడా పూజలో భాగమేనని పిల్లలకు చెప్పు.

ఇక మామూలు సంగతులు. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదు. నీళ్లు, మందులు పర్వాలేదు. ముందురోజే పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) పెట్టించు, పూజ రోజు హడావుడి వద్దు. పూజలో వాడని మామూలు అప్పాలు అడిగి తెచ్చి, నోట్లో పెట్టుకోవడం అలవాటు చేయించు. లేకపోతే అంగిలికి అంటుకుంటే బిక్కమొహం వేస్తారు. చేతిలోనా నాలుక మీదా అన్నది ఫాదర్‌నే అడుగు. వైవీ స్ట్రీట్‌లో తెల్ల గౌను కొనడానికి, బిర్యానీ పెట్టడానికి అప్పు చేసే తల్లిదండ్రులుంటారు. వాళ్ల ఇళ్లకు పోయి ఉతికిన బట్ట చాలని ముందే చెప్పు.

బడికి సరిగ్గా పోని పిల్లో, చదవడం రాని పిల్లోడో ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను వచ్చే ఏడాదికి తోసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. 1910లో పదవ భక్తినాథ (పయస్) పోపుగారు పిల్లలకు ఏడేళ్ల ప్రాయంలోనే సత్ప్రసాదం ఇవ్వమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, మామూలు రొట్టెకూ దీనికీ తేడా తెలిస్తే చాలన్నారు. ఆ తేడా చెప్పగలిగితే, జపాల్లో తడబడినా సరే, వాళ్ల పేరు ఫాదర్‌కిచ్చే లిస్టులో రాయి.

మీ మామ
కడప