టెక్ సందేహాలు: ట్రైలర్ ముక్కు సంగతి తర్వాత, ముందు తోక చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద: సొంతంగా చేసుకున్న ట్రైలర్లు, కార్లు గాలిని తోసుకుంటూ వెళ్లడానికి తాగేస్తున్న ఇంధనం. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: ప్లైవుడ్‌తో డబ్బా ట్రైలర్ నేనే కట్టుకున్నాను. వెడల్పు రెండు మీటర్లు, ఎత్తు కారు కన్నా అర మీటరు ఎక్కువ. హైవే ఎక్కితే మైలేజీ దారుణంగా పడిపోతోంది. ముందువైపు కోసుగా ముక్కు బిగిస్తే ఫలితం ఉంటుందా?

ఉంటుంది గానీ, మీరు పడే కష్టానికి తగ్గంత ఉండదు. బాణాలు, రాకెట్లు చూసి చూసి కోసుగా ఉంటేనే గాలిని చీల్చుకుపోతుందని మనకు అనిపిస్తుంది. కారు వెళ్లే వేగాల్లో గాలికి కోసుతో పెద్దగా పని లేదు, అంచులు గుండ్రంగా ఉంటే చాలు, అది చక్కగా మలుపు తిరిగి పక్క గోడల వెంటే వెనక్కి పోతుంది. అంచు రంపంతో కోసినట్టు పదునుగా ఉంటే మాత్రం తిరగలేక గోడను వదిలేసి సుడులు పడుతుంది, మీ ఇంధనం పోయేది అక్కడే. రెండు మీటర్ల వెడల్పుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అంచులు తిప్పితే సరిపోతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1950లో ఫోక్స్‌వ్యాగన్ తన వ్యాన్‌ని మార్కెట్లోకి తెచ్చేముందు చదునైన ముఖంతో ఉన్న మొదటి నమూనాను విండ్ టన్నెల్‌లో (గాలిని వేగంగా ఊది పరీక్షించే సొరంగంలో) పెట్టి చూస్తే డ్రాగ్ కోఎఫిషెంట్, అంటే ఆ ఆకారం గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, 0.75 వచ్చింది, ముఖాన్ని గుండ్రం చేశాక 0.44కి దిగింది. 1970ల్లో నాసా ఇంజినీర్లు ఇంకా మొరటుగా చేశారు: ఒక వ్యాన్ చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి అచ్చం చెప్పుల డబ్బాలా తయారుచేసి, అంచులు ఒక్కొక్కటే గుండ్రం చేస్తూ కొలిచారు. ముందూ వెనకా నిలువు అంచులు తిప్పితేనే డ్రాగ్ (గాలి నిరోధం) 40 శాతం తగ్గింది, లోపలి చోటు పోయింది 1.3 శాతమే. అడ్డంగా ఉన్న అంచులు కూడా తిప్పితే 54 శాతం. (ఈ ఆలోచన వచ్చింది కూడా తమాషాగానే. సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లే ఒక ఇంజినీరుని, పక్కనుంచి పోయే లారీల గాలి ముందు పక్కకు నెట్టి, ఆ వెంటనే లోపలికి లాగేదట.)

ఆ లాగుడే మీ ట్రైలర్ వెనక కూడా జరుగుతోంది. డబ్బా వెనక తలుపు దగ్గర గాలి కలుసుకోలేక ఒత్తిడి తగ్గుతుంది, ఆ తక్కువ ఒత్తిడి బండిని వెనక్కి గుంజుతూ ఉంటుంది. పూర్తిగా సన్నబడే తోక పెట్టాలంటే ట్రైలర్ కన్నా తోకే పొడుగైపోతుంది. దీనికి దారి చూపింది వునిబాల్డ్ కామ్ అనే జర్మన్ ఇంజినీరు, 1930ల్లో: తోకను కొంత దూరం సన్నం చేసి టక్కున కోసేసినా లాభంలో ఎక్కువ భాగం దక్కుతుందని. మీరు చేయాల్సిందీ అదే. వెనక అంచులకు, పైన, రెండు పక్కలా, అర మీటరు పొడవు పలకలు 10 నుంచి 12 డిగ్రీలు లోపలికి వంచి బిగించండి. 12 డిగ్రీలంటే అర మీటరుకి పలక చివర సుమారు పదిన్నర సెంటీమీటర్లు లోపలికి రావాలి, టేపు పెట్టి చూసుకోవచ్చు. ఇంకాస్త వంచితే ఇంకా లాభమనుకుని 20 డిగ్రీలు పెట్టారో, గాలి పలకను వదిలేస్తుంది, అసలుకే మోసం. వెనక మూత అక్కర్లేదు, లోపల బోలుగా ఉన్నా పనిచేస్తుంది. తలుపు తీసుకోవాలి కాబట్టి కీళ్లు పెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. తోక బరువంతా ఇరుసు వెనక పడుతుంది, అంటే కారు హిచ్ (ట్రైలర్‌ను కారుకి తగిలించే కొక్కెం) మీద పడే బరువు తగ్గుతుంది. అది మరీ తగ్గితే ట్రైలర్ వేగంలో అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలయ్యాక ఆపడం చాలా కష్టం. కాబట్టి తేలికైన పలకలే వాడండి, బిగించాక హిచ్ బరువు మళ్లీ తూయండి, కారు మాన్యువల్‌లో ఇచ్చిన పరిధిలో లేకపోతే లోపలి సామాను ముందుకు జరపండి. వెనక లైట్లు, నంబర్ ప్లేటు మరుగున పడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

కారుకీ ట్రైలర్‌కీ మధ్య ఖాళీ ఎంత తగ్గితే అంత మంచిది, కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేసినప్పుడు మూల తగలకుండా చూసుకోవాలి. ముందు అంచులు గుండ్రం చేస్తే ఇక్కడ కూడా కలిసొస్తుంది. ఇక కారు పైకప్పును దాటి పొడుచుకొచ్చిన ఆ అర మీటరు, నేరుగా గాలికి ఎదురొడ్డేది అదే. మళ్లీ కట్టే ఉద్దేశం ఉంటే ముందు ఎత్తు తగ్గించండి.

ప్రశ్న: కారు అడుగున ప్లాస్టిక్ షీట్ వేశాను, గ్రిల్ సగం మూసేశాను. ఒక ట్యాంకుకి మైలేజీ పెరిగింది, తర్వాతి ట్యాంకుకి తగ్గింది. ఫోన్‌తో కచ్చితంగా కొలవొచ్చా?

ట్యాంకు లెక్క వదిలేయండి. ట్రాఫిక్, ఎదురుగాలి, బంకులో ఎక్కడిదాకా నింపారు, ఇవన్నీ కలిసి మీ షీట్ చేసిన మేలును మింగేస్తాయి. కోస్ట్ డౌన్ పరీక్ష చేయండి. ఖాళీగా, చదునుగా, వంకర లేకుండా తిన్నగా ఉన్న రోడ్డు, గాలి లేని వేళ చూసుకుని, ఆ రోడ్డు మీద అనుమతించిన వేగానికి వెళ్లి న్యూట్రల్‌లో వేసి బండిని దానంతట అదే నెమ్మదించనివ్వాలి. ఇంజిన్ మాత్రం ఆపకండి, స్టీరింగ్, బ్రేకులు బరువెక్కుతాయి. ఆటోమేటిక్ గేరు అయితే నడుస్తుండగా న్యూట్రల్ వేయొచ్చో లేదో ముందు మాన్యువల్ చూడండి.

ఫోన్‌లో వేగాన్ని సెకనుకోసారి నమోదు చేసే జీపీఎస్ లాగర్ యాప్ ఏదైనా చాలు. యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పును కొలిచే ఫోన్ సెన్సర్) యాప్‌ల జోలికి పోవద్దు. 1,200 కిలోల మామూలు కారు గంటకు 100 కిలోమీటర్ల దగ్గర న్యూట్రల్‌లో ఉంటే, ప్రతి సెకనుకీ దాని వేగం తగ్గేది సెకనుకి సుమారు 0.37 మీటర్ల చొప్పున. ఫోన్ ఒక్క డిగ్రీ వంగితే గురుత్వాకర్షణ వల్ల వచ్చే తప్పే 0.17. దాదాపు సగం! ఇంకేం కొలుస్తాం?

అదే కారుకి టైర్ల నిరోధం సుమారు 118 న్యూటన్లు (న్యూటన్ అంటే బలాన్ని కొలిచే ప్రమాణం), వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది: 50 దగ్గర 80 న్యూటన్లు, 100 దగ్గర 320కి పైనే. అరవై దాటాక గాలిదే పైచేయి. అందుకే ఊళ్లో తిరిగే బండికి ఈ తంటాలన్నీ అనవసరం అంటాను. వేగం వర్గాన్ని అడ్డం మీద, నెమ్మదించే రేటును నిలువు మీద పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో గీత గీస్తే, ఆ గీత వాలు గాలిది, అడ్డం సున్నా ఉన్నచోట అది నిలువు గీతను తాకే విలువ టైర్లది. రెండు దిక్కుల్లో వెళ్లి సగటు తీయండి. షీట్‌తో, షీట్ తీసేసి, మళ్లీ షీట్‌తో, మూడూ ఒకే పూట చేయండి, ఎందుకంటే పది డిగ్రీల వేడి పెరిగితే గాలి సాంద్రత మూడు శాతానికి పైగా తగ్గుతుంది, ఆ లాభం కాస్తా మీ షీట్ ఖాతాలో పడిపోతుంది.

ఇంకో మాట, సైలెన్సర్ గొట్టం దగ్గర ప్లాస్టిక్ షీట్ ఉంటే ఇవాళే తీసేయండి. అక్కడ అల్యూమినియం రేకే వాడాలి, అదీ కాస్త ఎడంగా. గ్రిల్ మూశారు కాబట్టి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (ఇంజిన్ వివరాలను ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) ఒకటి పెట్టుకుని కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి మీద కన్నేసి ఉంచండి, ఎత్తు రోడ్లు ఎక్కేటప్పుడు ముఖ్యంగా.

ప్రశ్న: గోల్ఫ్ బంతి మీద గుంటల్లాంటి స్టిక్కర్లు, పైకప్పు మీద అంటించే చిన్న రెక్కలు పనిచేస్తాయా?

స్టిక్కర్లు వద్దు. బంతి చిన్నది కాబట్టి దాని ఒంటిమీది గాలి పొర తొందరగా వదిలేయకుండా దాన్ని అల్లకల్లోలం చేయడానికి గుంటలు కావాలి, కారు మీద ఆ పొర ఎలాగూ అల్లకల్లోలంగానే ఉంటుంది. రెక్కల విషయంలో, మిత్సుబిషి ఒక సెడాన్ మీద వీటిని శ్రద్ధగా పరీక్షించి సాధించింది డ్రాగ్ కోఎఫిషెంట్‌లో 0.006 తగ్గుదల. వాళ్లకి విండ్ టన్నెల్ ఉంది, మనం కంటి అంచనాతో అంటిస్తాం. అంతకన్నా ఖాళీగా తిప్పుతున్న రూఫ్ క్యారియర్ విప్పేయండి, పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: ట్రైలర్ కట్టేముందే కంప్యూటర్‌లో పరీక్షించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందా?

ఓపెన్‌ఫోమ్ ఉంది, పూర్తిగా ఉచితం, లినక్స్ మీద హాయిగా నడుస్తుంది. నేర్చుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది, పైగా డబ్బా వెనక సుడులే దానికి అన్నిటికన్నా కష్టమైన లెక్క. అది చూపించే డ్రాగ్ అంకెను అలాగే నమ్మకండి, రెండు ఆకారాల్లో ఏది మెరుగో పోల్చుకోవడానికి వాడండి. అంత ఓపిక లేకపోతే ట్రైలర్ గోడల మీద వేలెడంత ఉన్ని దారం ముక్కలు వరసగా టేపుతో అంటించి, పక్క బండిలోంచి ఇంకొకరి చేత వీడియో తీయించండి. దారాలు వెనక్కి నిదానంగా పడుకుని ఉన్నచోట గాలి గోడను అంటుకునే ఉంది. పిచ్చిగా గింగిరాలు కొడుతున్నచోట వదిలేసింది, పలకలు బిగించాల్సింది, వంపు తగ్గించాల్సింది అక్కడే.