అల్లుడా, మెటల్ గిటారు సామాను కొనేముందు జర ఇది చదువు

అల్లుడా,

మెటల్ సంగీతం (గట్టి, బరువైన రాక్) వాయించనీకి నువ్వు పంపిన సామాను లిస్టు చూసిన. వంద వాట్ల ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వులతోని సౌండు పెంచే ఆంప్లిఫైయర్), నాలుగు స్పీకర్ల క్యాబినెట్, ఫ్లాయిడ్ రోజ్ (స్ప్రింగుల మీద ఊగే బ్రిడ్జి) గిటారు, ఇగ సౌండు మార్చే పెడల్స్ అయితే లెక్కే లేదు. అన్నీ మంచి సామానే, కాదనను. కానీ వడ్లమ్మిన పైసల్ల నుంచి అక్క నీకిస్తున్నదని తెల్సింది, అందుకే ఏది ముందు కొనాలె ఏది ఆపాలె అని ఇంత పొడుగ్గ రాస్తున్న, ఓపికతోని చదువు.

గిటారుకు బ్రిడ్జి (తీగలు కింద ఆనే చోటు) దగ్గర హంబకర్ పికప్ (తీగల కదలికను కరెంటు సిగ్నల్ చేసే రెండు కాయిల్స్ ముక్క) ఉండాలె, అది ముఖ్యం. సింగిల్ కాయిల్ అయితే కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ గుయ్యిమనే చప్పుడు పట్టుకుంటది, గెయిన్ (సౌండును గరుకుగ చేసే నాబు) పెంచినకొద్దీ అదీ పెరుగుతది. హంబకర్ల రెండు కాయిల్స్ పక్కపక్కన ఒకదానికొకటి ఉల్టాగ ఉంటయి కాబట్టి ఆ చప్పుడు దాంట్లనే కొట్టేసుకుంటది, 1955ల గిబ్సన్ కంపెనీల సెత్ లవర్ చేసింది ఇదే. ఈఎంజీ 81 లాంటి యాక్టివ్ పికప్ ఉన్న గిటారు దొరికితే తీసుకో, కాకపోతే దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలె, వాయించుడు అయినంక కేబుల్ పీకకుండ వదిలేస్తే బ్యాటరీ ఊకెనే అరుగుతనే ఉంటది. ఫ్లాయిడ్ రోజ్ మాత్రం ఇప్పుడే వద్దు. ఒక తీగ తెగితే మిగిలిన అయిదు శృతి తప్పుతయి, నువ్వేమో ఇయ్యాల ఈ స్టాండర్డ్ (మామూలు శృతి) రేపు డ్రాప్ సీ (బాగ కిందికి దించిన శృతి) అంటున్నవ్, ప్రతిసారి స్ప్రింగులు సర్దుకుంటనే కూసుంటవ్. కదలని బ్రిడ్జి ఉన్నది చూసుకో.

డ్రాప్ సీ కి పోతే 9-42 తీగలు (సన్నటి సెట్టు, మందం అంగుళంల వెయ్యో వంతుల లెక్క) వదులై జారిపోతయి, 11-54 అట్ల మందం పెట్టాలె. తీగల మందం మారితే మెడ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీ), ఇంటొనేషన్ (మెడ మీద ఎక్కడ నొక్కినా శృతి సరిగ పలుకుడు) రెండూ మళ్ల సెట్ చేయించాలె, ఇది చానమంది చేయించరు, తర్వాత గిటారు మంచిది కాదంటరు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీకి బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల రెండు వేళ్ల కొనలు తెగినయి, ప్లాస్టిక్ తొడుగులు చేసుకున్నడు, పల్చటి తీగలు ఏసిండు, తర్వాత తర్వాత శృతి కిందికి దించిండు. తన చేతికి ఏది పడ్తదో చూసి సామాను మార్చుకున్నడు, నువ్వు కూడ అట్లనే నీ చెయ్యి చూసుకొని మార్చుకో.

ఇగ ఆంప్. వంద వాట్లకు యాభై వాట్లకు తేడా 3 డెసిబెల్సే, అంతకు మించి ఏం లేదు. ట్యూబ్ ఆంప్ అసలు రుచి వాల్యూం లేపితేనే వస్తది, దేవరకొండల మీ గల్లీల వంద వాట్లు లేపితే ఎవ్వరు ఊకోరు. ట్యూబ్ లేకుంటే మెటల్ కాదు అనేటోళ్ల మాట ఇనకు, పాంటెరా బ్యాండ్ గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ వాయించింది ట్రాన్సిస్టర్ల రాండల్ ఆంప్‌ల మీద. ఇప్పటికి చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటారును లాప్‌టాప్‌కు కలిపే డబ్బా), నీ లాప్‌టాప్ల ఆంప్ సాఫ్ట్‌వేర్, మంచి హెడ్‌ఫోన్ చాలు. ఎప్పుడన్న ట్యూబ్ ఆంప్ కొన్నా స్పీకర్ తగిలించకుండ మాత్రం ఆన్ చేసి వాయించకు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది, మా దుకాణంకి వచ్చే రిపేర్లల్ల ఇది మస్తు చూస్త.

ఇప్పుడు అసలు సంగతి. నీ రికార్డింగు ఇన్న, గెయిన్ నిండ పెట్టినవ్, మిడ్ (మధ్య స్థాయి సౌండు నాబు) సున్నా చేసినవ్. రూంల ఒక్కనివే వాయిస్తే అది పెద్దగ, బరువుగ ఇనిపిస్తది, డ్రమ్స్ బేస్ పక్కన పడంగనే గిటారు ఎటువోయిందో తెల్వదు. గిటారు బతికేదే మిడ్‌ల. మెటాలికా బ్యాండ్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ మిడ్ తగ్గించిండు కద మామ అంటవ్, నిజమే, కానీ ఆయన ఒకే రిథమ్ మళ్ల మళ్ల వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చిండు, పైగ ఆ కుడిచెయ్యి వేరు. నువ్వు గెయిన్ సగానికి దించు, మిడ్ సగం కంటె జర పైన పెట్టు, ఆంప్ ముందు ఒక ట్యూబ్ స్క్రీమర్ (పచ్చ రంగు ఓవర్‌డ్రైవ్ పెడల్) పెట్టి దాని డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ ఫుల్లు పెట్టు. అది ఆంప్‌కు పోయే ముందే కింది బేస్‌ను కోసేస్తది కాబట్టి పామ్ మ్యూట్ చేసినప్పుడు (అరచెయ్యి అంచు తీగల మీద ఆనించి వాయిస్తే) బురద లేకుండ టక్ టక్‌మని కొడ్తది. తొంభైల మెటలోళ్ల నుంచి ఇప్పటిదాక చానమంది హై గెయిన్ ఆంప్ ముందు పెట్టేది ఈ పచ్చ పెడలే. స్వీడన్ డెత్ మెటలోళ్లది వేరే దారి, ఎంటూంబ్డ్ బ్యాండోళ్లు బాస్ కంపెనీ హెచ్ఎం-2 పెడల్ నాలుగు నాబులు ఫుల్లు తిప్పి ఆ రంపం లాంటి సౌండు తెచ్చిండ్రు, నీకు అదే కావాలంటే అప్పుడు నేను చెప్పిన ఈ లెక్క పక్కకు పెట్టు.

వా, డిలే పెడల్స్ తర్వాత చూసుకుందాం. నాయిస్ గేట్ (వాయించనప్పుడు చప్పుడు ఆపే పెడల్) కొనేముందు మాత్రం ఇంట్ల ఎర్తింగ్ చూపించు. బోరు మోటరు, ఫ్యాన్ రెగ్యులేటరు ఉన్న లైన్ మీదనే ప్లగ్ పెడితే ఏ గేటు కూడ ఆ చప్పుడును పూర్తిగ ఆపలేదు, గట్టిగ బిగిస్తే నీ సోలో చివర్లు తెగిపోతయి. ఇంకోటి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు: వినాయక చవితి పందిట్ల జనరేటర్ మీద వాయిస్తరు కద, గిటారు తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటయి, మైకు ఇంకో లైన్ల ఉంటే మూతి తగలంగనే షాక్ కొడ్తది, ప్రాణం పోయేంత షాక్. పాడే ముందు తీగలకు మైకుకు మధ్యల మీటరుతోని చూడు, ప్లగ్గు మూడో పిన్ను మాత్రం ఎవరు చెప్పినా పీకకు.

ఆదివారం గిటారు పట్టుకొని నల్లగొండ రా, క్లాక్ టవర్ దాక వచ్చి ఫోన్ చెయ్, మెడ నేనే సెట్ చేసిస్త. మీ చిన్నాయన అమెరికా నుంచి ఆంప్ తెస్తనంటున్నడట, ఇయ్యాలనే ఫోన్ చేసి ఆపు, అక్కడిది 120 వోల్టులది, మన 230 మీద పెట్టంగనే కాలిపోతది. తెచ్చేదే ఉంటే చిన్న ట్యూబ్ స్క్రీమర్ తెమ్మను, అది 9 వోల్టుల బ్యాటరీ మీద ఎక్కడైనా నడుస్తది.

మీ మామ