అప్పు చేసి టాబ్ కొనాలా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. మా అమ్మాయి జిల్లా పరిషత్ బడిలో మరాఠీ మాధ్యమంలో ఆరో తరగతి చదువుతోంది, లెక్కల్లో బాగా వెనకబడింది. ఇకమీదట చదువంతా టాబ్‌లోనే ఉంటుందనీ, వాయిదాల మీద ఒకటి తీసుకుని ఏడాది పాఠాల ప్యాకేజీ కూడా కట్టమనీ కాళేశ్వరంలో ఉండే మా బావమరిది పోరుతున్నాడు. మా ఊళ్లో సిగ్నల్ ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు. అప్పు చేసి కొనమంటారా?
— ఒక తండ్రి, సిరొంచ తాలూకా

జవాబు: కొనవద్దనే నా సలహా. చేతికి యంత్రం వచ్చినంత మాత్రాన చదువు రాదని పెరూ దేశం చాలా డబ్బు పోసి తెలుసుకుంది. అక్కడి పల్లె బడుల్లో ఒక్కో విద్యార్థికి ఒక్కో ల్యాప్‌టాప్ ఇచ్చి చూసిన పరిశీలన 2012లో వెలువడింది. కంప్యూటర్ల వాడకం పెరిగింది గానీ లెక్కల్లో, భాషలో పిల్లల స్థాయి పెరిగిన దాఖలా కనిపించలేదు.

ఢిల్లీ అనుభవం వేరు. ప్రభుత్వ బడుల పిల్లలకు బడి వేళల తరువాత మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నేర్పించగా వచ్చిన ఫలితాలను ఆర్థికవేత్తలు 2019లో ప్రచురించారు. చేరిననాటికి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆరో తరగతి పాఠం అప్పజెప్పలేదు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో ముందు పరీక్షించి, మూడో తరగతి తీసివేతల దగ్గర ఆగి ఉంటే అక్కడి నుంచే లెక్కలు ఇస్తూ పోయింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ మెరుగుదల స్పష్టంగా కనిపించింది. అయితే రోజుకు గంటన్నర సాగిన ఆ తరగతిలో కంప్యూటర్ ముందు గడిపింది సగం సేపే; మిగతా సగం పది పదిహేను మందిని కూర్చోబెట్టుకుని మనిషే చెప్పారు. ప్యాకేజీలు అమ్మేవారు ఈ రెండో సగం ఊసెత్తరు.

ఈ పరీక్షకు టాబ్ అక్కర్లేదు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పుస్తకాల నుంచి తీసివేత, భాగహారం, భిన్నాల లెక్కలు కొన్ని తీసి ఇవ్వండి. పెన్సిల్ ఎక్కడ ఆగుతుందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టించండి.

లెక్క రాకపోవడం కంటే, లెక్క చెప్పిన భాష అందకపోవడమే మీ అమ్మాయి అసలు చిక్కు కావచ్చునని నా అనుమానం. మీ రాష్ట్రంలోనే, మన పద్మశాలీలు వేలల్లో స్థిరపడిన షోలాపూర్ జిల్లాలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. పరితేవాడి జిల్లా పరిషత్ బడిలో చేరిన రంజిత్‌సింహ్ డిసాలే అనే ఉపాధ్యాయుడు, పిల్లలది కన్నడ ఇల్లని గమనించి, తాను కన్నడ నేర్చుకుని, పాఠాలను వాళ్ల భాషలోకి తెచ్చి, పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అతికించి వాటి ద్వారా పద్యాలు, వీడియోలు అందించారు. 2020లో ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పది లక్షల డాలర్ల బహుమతిలో సగాన్ని తుది పోటీలో నిలిచిన మిగతా తొమ్మిది మందికి పంచిపెట్టారు.

ఆ దారి మీకూ తెరిచే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన, ఫోన్‌లోనే బడి పాఠాలు అందించే దీక్షా యాప్ ఉచితం. మీ బావమరిదిని టాబ్ సంగతి పక్కనపెట్టి, వాళ్ల ఊరి పిల్లల పాత లెక్కల పుస్తకం ఒకటి సంపాదించి పెట్టమనండి. యాప్‌లో బోర్డు తెలంగాణ, మాధ్యమం తెలుగు అని ఎంచుకుని ఆ పుస్తకంలోని కోడ్‌ను స్కాన్ చేస్తే పాఠం తెలుగులో వస్తుంది. పుస్తకం నలిగి కెమెరాకు అందకపోతే కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాలను టైపు చేసినా చాలు. సిరొంచ బజారుకు వెళ్లిన రోజున, సిగ్నల్ ఉన్నచోట వారానికి సరిపడా పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంట్లో నెట్ లేకుండానే చూడవచ్చు. తెలుగులో అర్థమైన లెక్కనే మరాఠీ పుస్తకంలో వెతికి నోట్‌బుక్‌లో చేయించడం మాత్రం మరవకండి. వీడియో చూస్తూ తల ఊపిన పిల్లలందరికీ లెక్క వచ్చినట్టు కాదు.

ప్రశ్న: నేను చంద్రపూర్ జిల్లా రాజురా ప్రాంతంలో ఉపాధ్యాయురాలిని. పిల్లలు ఫోన్‌లో కృత్రిమ మేధను అడిగి వ్యాసాలు రాసుకొస్తున్నారు. పూర్తిగా నిషేధించాలా?

జవాబు: ఇంట్లో ఏం వాడుతున్నారో మీరు కాపలా కాయలేరు గనుక నిషేధం కాగితం మీదే మిగులుతుంది. రాత పని తరగతిలో చేయించి, ఇంటి పనిగా మరొకటి ఇవ్వండి: ప్రాణహిత గురించి యంత్రం రాసిన పేరా తీసుకొచ్చి, అందులో తప్పేమిటో, మన ఊరి సంగతి ఏం వదిలేసిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మనండి. ఆ యంత్రం తప్పును కూడా తడబడకుండా చెబుతుంది. దాన్ని పట్టుకోవాలంటే పిల్లలకు విషయం తెలిసి ఉండాలి, అది నేర్పే పని మీదే.