కుక్క సంగతి తర్వాత, ముందు మీ మంచం లోపల వేయించుకోండి

రాజోలు దగ్గర ఒక ఊరి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాశారు. వయసు 69. ఇంటావిడ పోయి రెండేళ్లు కావస్తోంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక్కగానొక్క కొడుక్కి ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరికింది. భార్యనీ కూతుర్నీ తీసుకుని తండ్రి దగ్గరికి వచ్చేశాడు. వాళ్లతోపాటు నాలుగేళ్ల లాబ్రడార్ కూడా వచ్చింది. అది ఏసీ గదిలో పడుకుంటుంది, వంటింట్లో తిరుగుతుంది, దేవుడి గది గుమ్మంలో బొచ్చు రాలుస్తుంది. "మా తాతల నాటి నుంచీ కుక్క వీధి అరుగు దాటి లోపలికి రాలేదు. కుక్క బయటే ఉండాలని ఆరోగ్యం ప్రకారం, ఆచారం ప్రకారం వివరంగా రాయండి. అబ్బాయికి చూపిస్తాను" అని మాస్టారి కోరిక.

మాస్టారూ,

మీరడిగిన దానికి జవాబు ముందే చెప్పేస్తాను. నాలుగేళ్లు ఇంట్లో పెరిగిన లాబ్రడార్‌ని ఈ ఎండల్లో తీసుకెళ్లి పెరట్లో కట్టేయకూడదు. అది లోపలే ఉండాలి. కానీ ఇల్లంతా దానిది కాకూడదు. వంటిల్లు, దేవుడి గది, మీ గది, ఈ మూడింట్లోకీ దానికి ప్రవేశం లేదు. ఎలాగో చెబుతాను.

"మీ గది" అన్నానని ఆశ్చర్యపోతున్నారేమో. "మనవరాలి చదువుకి గది కావాలని నేనే వసారాలోకి మారాను, నన్నెవరూ మారమనలేదు" అని ఒక వాక్యం రాసి, వెంటనే మళ్లీ కుక్క మీదికి వెళ్లిపోయారు. ఇంకోచోట "ఆ ఏసీ మా ఆవిడ మంచాన పడ్డప్పుడు పెట్టించింది" అన్నారు. మరోచోట "అప్పుడు అబ్బాయికి సెలవు దొరకలేదు" అన్నారు. ఈ మూడు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఆవిడ మంచాన ఉన్నన్నాళ్లూ మందులు వేసింది, పక్క మార్చింది మీరొక్కరే. ఆవిడ కోసం పెట్టించిన చల్లదనం కింద ఇప్పుడు కుక్క పడుకుంటోంది, మీరు వసారాలో దోమతెర కట్టుకుంటున్నారు. మీ కోపం కొడుకు మీద, మాస్టారూ. కుక్క ఎదురు చెప్పదు కాబట్టి దాని మీదికి మళ్లింది.

ఉత్తరంలో "కోడలికి చెప్పాను", "కోడలితో చెప్పించాను", "కోడలు విని ఊరుకుంది" అని ఉంది. "అబ్బాయితో అన్నాను" అని ఒక్కచోటా లేదు. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రి మాట కొడుక్కి చేరడానికి మధ్యలో ఆ పిల్ల ఎందుకు? చెబితే మొగుడితో గొడవ, చెప్పకపోతే మామగారికి కష్టం. ఊరు మారి, ఇల్లు మారి, అత్తగారు లేని ఇంట్లో సంసారం దిద్దుకుంటున్న కోడలి మీద ఈ బరువు పెట్టడం అన్యాయం. ఇప్పుడు నా జవాబు చూపించి ఆ పని నాతో చేయించాలనుకుంటున్నారు. నేను చేయను. ఈ కాగితం అబ్బాయి ముందు పెట్టకండి. మీ నోటితో చెప్పండి.

మీరు గది వదులుకున్న తీరు కూడా నాకు నచ్చలేదు. ఎవరూ అడగకుండా వదులుకుని, ఆ తర్వాత మనసులో లెక్క రాసుకుంటూ కూర్చుంటే అది త్యాగం కాదు. ఆ ఇల్లు మీది. 69 ఏళ్ల మనిషి వసారాలో పడుకోవలసిన అవసరం లేదు. ఆరో తరగతి పిల్ల హాల్లో బల్ల వేసుకునీ చదువుకోవచ్చు. ముందు మీ మంచం లోపల వేయించుకోండి. ఇది అబ్బాయిని అడిగి చేసే పని కూడా కాదు, చేశాక చెప్పే పని.

ఇప్పుడు కుక్క విషయం. అబ్బాయితో మాట్లాడేటప్పుడు మీ దగ్గర సరైన సమాచారం ఉండాలి, అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి ఒగరుస్తూ, నోటి తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. మన వైపు చుట్టూ కాలువలు, చెరువులు, వరిచేలు, పైగా సముద్రం దగ్గర. గాలిలో ఉక్క ఎక్కువ. ఉక్కలో తడి త్వరగా ఆరదు కాబట్టి కుక్క ఎంత ఒగర్చినా ఒళ్లు చల్లబడదు. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం, 106 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. చొంగ చిక్కగా కారడం, చిగుళ్లు ఎర్రబడడం, నడక తూలడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు పొట్ట, గజ్జలు, పాదాల మీద నీళ్లు పోసి ఫ్యాను కింద ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎండలో ఉన్న ట్యాంకు నీళ్లు వేసవి మధ్యాహ్నం కాలిపోతుంటాయి, నూతి నీళ్లో బోరు నీళ్లో పోయాలి. వేడిగా ఉందని బొచ్చు గొరిగించకూడదు. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. వీధిలోకి తెల్లవారుజామునో చీకటి పడ్డాకో తిప్పాలి. సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లూ ఆనవు.

ఇంట్లో ఉంటే పిడుదులు పట్టవని అబ్బాయి అనుకుంటూ ఉండొచ్చు. అదీ పొరపాటే. కుక్కకి పట్టే గోధుమరంగు పిడుదు ఇంట్లోనే బాగా బతుకుతుంది. ఆడ పిడుదు కడుపునిండా రక్తం తాగాక కుక్క మీంచి రాలి, గోడ ఎక్కి, పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. మీ పెంకుటింటి పాత గోడల్లో దానికి చోటుకి కొదవ లేదు. అందుకే కుక్కకి మందు వేసి గోడలు వదిలేస్తే మళ్లీ మళ్లీ వస్తాయి. పగుళ్లు పూడ్చి సున్నం వేయించాలి, మందు కనీసం మూడు నెలలు ఆపకుండా వాడాలి. కుక్క అన్నం మానేసి, జ్వరంతో మూలన పడి, చిగుళ్లు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం కారినా అది పిడుదు జ్వరం కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. చేలో కొట్టే పురుగుమందు కలిపి కుక్కకి రాసేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ మందుతో కుక్కలు చస్తాయి. మీ ఇంట్లో ఆ పని ఎవర్నీ చేయనివ్వకండి.

అబ్బాయిని టీకాల కార్డు చూపించమనండి. రేబిస్ టీకా ఏటా వేయించాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టో జ్వరానికి కూడా ఏటా టీకా కావాలి. హైదరాబాదు ఫ్లాటులో దీన్ని పట్టించుకోకపోయినా గడిచిపోయిందేమో, వరికుప్పలూ మురుగు బోదెలూ ఉన్న చోట గడవదు. ఆ జబ్బు మనుషులకీ వస్తుంది. నులిపురుగుల మందు మూడు నెలలకోసారి వేయాలి. టీకా వేసిన కుక్కే గీరినా, కరిచినా మీరు గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) వెళ్లండి. తర్వాత చూద్దామనుకోకండి.

హద్దుల గురించి. వంటింటి గుమ్మానికి మూడడుగుల ఎత్తున చెక్క తడక తలుపు పెట్టించండి, బద్దల మధ్య రెండంగుళాలు మించకూడదు. తలుపు కంటే ముఖ్యం తిండి చోటు. వంటింట్లో పెడితే అది వంటింట్లోకి రాక మానదు. వేళ తప్పకుండా రెండు పూటలా పెరటి వసారాలో ఒకే చోట పెట్టాలి. మీ మనవరాలు వంటింట్లోంచి ఒక్క బిస్కెట్ విసిరినా నేర్పిందంతా పోతుంది. నలుగురూ ఒకే మాట మీదుంటే రెండు మూడు వారాల్లో గడప దగ్గర ఆగడం నేర్చుకుంటుంది. బొచ్చు రాలకుండా చేయలేం గానీ రోజూ పది నిమిషాలు పెరట్లో రబ్బరు దువ్వెనతో దువ్వితే ఇంట్లో రాలేది బాగా తగ్గుతుంది. ఆ దువ్వే పని అబ్బాయిది, కోడలిది కాదు.

వచ్చే నెలలో మీ ఆవిడ ఆబ్దికం అన్నారు. ఆ రోజు భోక్తలు వచ్చి వెళ్లేదాకా కుక్క ఇంట్లో ఉండకూడదు. అందులో రెండో మాట లేదు, అబ్బాయి కాదనకూడదు. అందుకోసం, చుట్టాలొచ్చిన రోజుల కోసం పెరట్లో దానికో చోటు ముందే తయారవ్వాలి. కొబ్బరిచెట్ల కింద వద్దు, కాయో మట్టో మీద పడుతుంది. కొబ్బరి డొక్కల గుట్టకీ గడ్డిమేటుకీ దూరంగా ఉండాలి, ఎలుకలు అక్కడే, వాటి కోసం పాములూ అక్కడే. మామిడిచెట్టు నీడ మంచిది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గూడు సరిపోతుంది. అడుగున అడుగెత్తు ఇటుకలు పేర్చి పైన బల్లచెక్కలు వేయాలి, వానాకాలం పెరట్లో నీళ్లు నిలుస్తాయి కదా. రేకు ఒక్కటే కప్పితే లోపల ఉడికిపోతుంది, పైన తాటాకు వేయించండి. చుట్టూ ఐదడుగుల కంచె ఉంటే గొలుసు అక్కర్లేదు. గొలుసుతోనే ఉంచాల్సి వస్తే పదడుగుల పొడవుండాలి, గంటో రెండు గంటలో చాలు. వాయుగుండం అన్న కబురు వినగానే విప్పి లోపలికి తెచ్చేయాలి. 1996 తుపాను చూసిన కోనసీమ మనిషికి తుపానులో కట్టుతాడుతో ఉండిపోయిన పశువు ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక అబ్బాయితో మాట్లాడడం. ఆదివారం పొద్దున్న, లాప్‌టాప్ తెరవక ముందు, కోడలూ పిల్లా లేకుండా కూర్చోబెట్టండి. కుక్కతో మొదలు పెట్టకండి. "అమ్మకి బాగోలేనప్పుడు నువ్వు నెలకోసారి వచ్చి వెళ్లావు, నాకు కష్టమైంది" అని చెప్పండి. అంతవరకే. అతనేం చెబుతాడో వినండి. అప్పుడు రాలేకపోయిన కొడుకే ఇప్పుడు పట్నం వదిలి, పిల్ల బడి మార్చి మీ దగ్గరికి వచ్చాడు. ఎందుకొచ్చాడో మీరెప్పుడూ అడగలేదని నాకనిపిస్తోంది. అడగండి. ఆ గది విషయమూ అప్పుడే చెప్పండి, ఏసీ ఎవరి కోసం పెట్టించారో చెప్పండి. అతను హైదరాబాదులో ఉన్నప్పుడు పెట్టించింది, అతనికది ఉత్త ఏసీ గదే. అది మీ గదిగా ఉండాలంటే అలాగే అడగండి, మొహమాటపడకండి. వాళ్లకి వేరే గదిలో ఇంకో ఏసీ పెట్టించుకునే స్తోమత అబ్బాయికి ఉంది.

అబ్బాయి ఆ రోజు మౌనంగా లేచిపోతే నొచ్చుకోకండి. మళ్లీ అడగండి, మీరే అడగండి. మంచం మాత్రం ఈ రాత్రే లోపల వేయించుకోండి, వడ్రంగిని ఈ వారమే పిలిపించండి. ఆబ్దికానికి వారం ముందు నుంచే కుక్కని రోజూ గంటసేపు ఆ కొత్త చోట ఉంచి అలవాటు చేయాలి. లేదంటే ఆ రోజు మంత్రాలు వినబడకుండా అరుస్తుంది.