ఛాతీలో మంట పుడుతోందని యాంటీబయాటిక్ ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు దగ్గర పల్లెటూరు. మావారికి 46 ఏళ్లు, మిరప సాగు చేస్తారు. వారమైనా జ్వరం తగ్గకపోతే గుంటూరు తీసుకెళ్లాం. రక్తపరీక్ష చేసి స్క్రబ్ టైఫస్ అన్నారు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున 7 రోజులు వాడమన్నారు. మూడో రోజుకే జ్వరం పోయింది. కానీ నిన్నటి నుంచి ఛాతీ మధ్యలో మంట, ముద్ద మింగితే నొప్పి. మెడికల్ షాపులో గ్యాస్ సిరప్ తెచ్చుకుని క్యాప్సూల్‌తో పాటే తాగుతున్నారు. ‘ఈ మందు నాకు పడలేదు, జ్వరం ఎటూ తగ్గింది, ఆపేస్తా’ అంటున్నారు. రాత్రిపూట పొలం నుంచి అలసిపోయి వచ్చి, మంచం మీదే గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటారు. మా అత్తగారికీ రెండు రోజులుగా ఒళ్లు కాలుతోంది. మిగిలిన క్యాప్సూల్స్ ఆమెకు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మంచం మీదే గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటారని రాశారు చూడండి, మంటకు కారణం చాలావరకు అదే. తడి చేత్తో క్యాప్సూల్ పట్టుకుంటే వేలికి అతుక్కోవడం చూసే ఉంటారు. నీళ్లు చాలకపోతే లోపల అన్నవాహిక గోడకూ అలాగే అతుక్కుంటుంది. మనిషి పడుకుని ఉంటే అది కిందికి జారదు. డాక్సీసైక్లిన్‌ది ఆమ్ల గుణం. అక్కడే కరిగితే ఆ చోట పుండు పడుతుంది. దీన్ని ‘మందు పడకపోవడం’ అనరు. మందు పడకపోతే ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, ముఖం వాపు, ఆయాసం లాంటివి వస్తాయి. అవి కనిపిస్తే మాత్రం ఇంకో డోసు వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక గ్యాస్ సిరప్. మంట తగ్గుతుందని తాగుతున్నారు గానీ, అందులోని అల్యూమినియం, మెగ్నీషియం లవణాలు డాక్సీసైక్లిన్‌ను పట్టేసుకుంటాయి. రక్తంలోకి చేరాల్సిన మందులో కొంత అలా వృథాగా పోతుంది. బలానికని వాడే ఐరన్, కాల్షియం, జింక్ బిళ్లలదీ ఇదే వరస. కనీసం రెండు మూడు గంటల ఎడం ఉండాలి. ఐరన్ అయితే ఈ వారం రోజులూ పక్కన పెట్టొచ్చేమో డాక్టర్‌ను అడగండి. పెరుగన్నం మానేయాలా అని చాలామంది అడుగుతుంటారు. అక్కర్లేదు, క్యాప్సూల్‌ను పాలతో మాత్రం మింగొద్దు.

మింగితే నొప్పి ఉందంటున్నారు కాబట్టి ఆయన్ను ఇవాళే, వీలైతే తర్వాతి డోసు లోపే, మందు రాసిన డాక్టర్‌కు చూపించండి. పుండు మానడానికి మందు ఇస్తారు. అవసరమనుకుంటే డాక్సీసైక్లిన్ బదులు అజిత్రోమైసిన్ లాంటిది రాస్తారు. మార్చాలన్నా ఆపాలన్నా ఆ నిర్ణయం ఆయనది, మీవారిది కాదు. మంచినీళ్లు కూడా దిగకపోయినా, రక్తపు వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా ఓపీ టైమ్ దాకా ఆగకండి.

అదే మందు కొనసాగించమంటే ఇలా చేయండి. రాత్రి భోజనం కాస్త పెందలాడే పెట్టండి. తిన్నాక కూర్చుని, ముందు రెండు గుక్కల నీళ్లు తాగి, క్యాప్సూల్ వేసుకుని, పెద్ద గ్లాసు నిండా నీళ్లు పూర్తిగా తాగాలి. ఆ తర్వాత అరగంట, ఇంకా ఎక్కువైతే మరీ మంచిది, నడుం వాల్చకూడదు. టీవీ చూస్తారో, మీతో పోట్లాడతారో ఆయనిష్టం. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి డోసు టైమ్ దగ్గర పడితే ఆ పూటది వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. మంట తగ్గేదాకా పచ్చళ్లు, కారప్పొడి ఆపమనండి. గుంటూరు జిల్లాలో, అదీ మిరప రైతుకి, ఈ మాట చెప్పడం కష్టమేనని నాకూ తెలుసు.

పొలం పని కూడా ఈ వారం తగ్గించాలి. జ్వరం వదిలినా ఒంట్లో నీరసం ఉంటుంది. పైగా ఈ మందు వాడేటప్పుడు ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. తప్పదంటే తలకు తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. మందు తాగే అలవాటుంటే ఈ రోజుల్లో బంద్.

మూడో రోజుకే జ్వరం పోవడం మంచి కబురే. స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్ పనిచేస్తే సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. అంతమాత్రాన క్రిమి మొత్తం పోయినట్టు కాదు. మధ్యలో ఆపేస్తే జ్వరం తిరగబెట్టొచ్చు. ముదిరితే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు మీద దెబ్బ కొట్టే జబ్బు ఇది. రాసినన్ని రోజులూ వాడితే ఆ స్ట్రిప్పులో మీ అత్తగారికి మిగలడానికి ఏమీ ఉండదు.

ఒకవేళ మిగిలినా ఆమెకు వేయొద్దు. స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, చూడండి. డాక్టర్ చెప్పకుండా వాడొద్దని దానర్థం. దీని గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం కూడా మొదలుపెట్టింది. స్క్రబ్ టైఫస్ మనిషి నుంచి మనిషికి అంటదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు కుడితే వస్తుంది. ఆవిడా చేలోకి వెళ్తుంటే అదే కావచ్చు. డెంగీ, టైఫాయిడ్, మలేరియా కూడా మొదట్లో ఇలాగే ఉంటాయి, వాటికి వైద్యం వేరు. చంకలు, గజ్జలు, నడుం చుట్టూ, రొమ్ముల కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉందేమో మీరే ఒకసారి చూడండి. నొప్పి, దురద ఉండవు కాబట్టి ఆమె గమనించి ఉండకపోవచ్చు. కనిపించకపోయినా జబ్బు లేదని కాదు. ఆయనతో పాటే ఆమెనూ ఇవాళ తీసుకెళ్లండి. మీవారి రిపోర్టు, ఆమె బీపీకో షుగర్‌కో రక్తం పలచబడడానికో మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా వెంట పట్టుకెళ్లండి.

– జనరల్ ఫిజీషియన్, గుంటూరు