సముద్రం ఒడ్డు ఊళ్ళో కమ్యూనిటీ రేడియో: ఏ వేళకి ఏం వేస్తే వింటారు? ఉప్పుగాలికి ఏవేవి చెడిపోతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా: ఒంగోలుకు తూర్పున, కొత్తపట్నం వైపు సముద్రపు ఊరు. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, 30 మీటర్ల స్తంభం. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 6 నుంచి 9 ప్రసారం. కార్యక్రమాలు బాగున్నాయని అందరూ అంటున్నారు, జాలర్ల పాలేల్లో మాత్రం ఎవరూ రేడియో పెట్టడం లేదు. పైగా ఈ మధ్య పొద్దున పూట గరగర.

ముందు వేళలు మార్చండి. ఎనిమిదింటికి మగవాళ్ళు నీళ్ళ మీద ఉంటారు, లేదా ఒడ్డున కూర్చుని వలలోంచి చేప విప్పుతుంటారు. ఆడవాళ్ళు గంపలతో ఆటో ఎక్కి ఒంగోలు చేరి ఉంటారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది టీవీ సీరియళ్ళ సమయం, దాంతో పోటీకి పోకండి. పట్టిక వేసే ముందు ఒక పదిహేను రోజులు నోటుబుక్కుతో ఒడ్డుకి వెళ్ళి, బోట్లు ఎన్నింటికి దించుతున్నారు, ఎన్నింటికి వస్తున్నారు, ఏ టీకొట్టు ఎప్పుడు తెరుస్తున్నారు అన్నది రాసుకోండి. పదిహేను రోజులు ఎందుకంటే పున్నమికీ అమావాస్యకీ వేట వేళలు మారతాయి. ఒక్క వారం చూసి పట్టిక వేస్తే మిగతా సగం నెల తప్పుతుంది.

మామూలుగా ఈ తీరంలో పనికొచ్చే వేళలు ఇవి. తెల్లవారుజాము 3.15 నుంచి 4 వరకు సముద్రం కబురు. మధ్యాహ్నం 2.30 నుంచి 4 దాకా చేపలమ్మి తిరిగొచ్చిన ఆడవాళ్ళకి. రాత్రి 10 నుంచి 12.30 దాకా రొయ్యల చెరువుల కాపలావాళ్ళకి. ఈ మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. చెరువు గట్టు మీద రాత్రంతా మెలకువగా ఉండే మనిషికి, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడులో, తోడుగా ఒక గొంతు కావాలి. అతను రేడియో కట్టేయడు. పాటలు, కబుర్లు, మధ్యమధ్యలో పనికొచ్చే మాట ఒకటి వేయండి. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందే కాబట్టి మూడు, నాలుగు గంటలప్పుడు ఏరియేటర్ ఆపవద్దని 12.20కి గుర్తు చేస్తే ఆ రాత్రికి పనికొస్తుంది. అదే మాట ఉదయం పదింటికి చెబితే ఎవరికీ అక్కర్లేదు. ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్ళు ఎండాకాలం తెల్లారకముందే మళ్ళలో దిగుతారు. వాళ్ళు కూడా తెల్లవారుజాము ప్రసారంలోనే దొరుకుతారు.

తెల్లవారుజాము ప్రసారం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నమ్మకం వచ్చేదీ పోయేదీ అక్కడే. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రెండు రకాల సమాచారం ఇస్తుంది: చేపలు దొరికే అవకాశం ఉన్న చోట్లు, సముద్రం పరిస్థితి. మొదటిది ఉపగ్రహాలు చూసే నీటి వేడి, పచ్చదనం ఆధారంగా తయారవుతుంది. అందుకే మబ్బు పట్టిన రోజుల్లో రాదు. రాని రోజున "ఈరోజు మబ్బుల వల్ల సమాచారం లేదు" అని చెప్పండి. నిన్నటిది మళ్ళీ చదివితే ఒకసారి నవ్వుతారు, రెండోసారి రేడియో కట్టేస్తారు.

అందులో ఒక వరుస ఇలా ఉందనుకుందాం: దిక్కు తూర్పు-ఆగ్నేయం, దూరం 32 నుంచి 37 కిలోమీటర్లు, లోతు 40 నుంచి 45 మీటర్లు. దీన్ని ఉన్నదున్నట్టు చదివితే బోటు మీద ఎవరికీ ఎక్కదు. వాళ్ళకి లోతు బారల్లో తెలుసు, దూరం జీపీఎస్‌లో నాటికల్ మైళ్ళలో కనబడుతుంది. ఒక బార ఆరడుగులు, అంటే 1.83 మీటర్లు. ఒక నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు. కాబట్టి చదవాల్సింది ఇది:

"మన రేవు నుంచి తూర్పుకీ ఆగ్నేయానికీ మధ్య. పదిహేడు మైళ్ళ నుంచి ఇరవై మైళ్ళు. ఇరవై రెండు నుంచి ఇరవై అయిదు బారల నీళ్ళు. మళ్ళీ చెబుతున్నా..."

మూడుసార్లు చెప్పాలి, మూడోసారి ఇంకా నెమ్మదిగా. అక్షాంశ రేఖాంశాలు చెప్పేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. 15 డిగ్రీల 22 నిమిషాలు అన్నదాన్ని "పదిహేను పాయింట్ ఇరవై రెండు" అని చదువుతారు. జీపీఎస్ దశాంశ డిగ్రీల్లో ఉంటే అది 15 డిగ్రీల 13 నిమిషాలు అవుతుంది. తేడా దాదాపు తొమ్మిది నాటికల్ మైళ్ళు, పదహారు కిలోమీటర్లు. అంత దూరం డీజిలు కాల్చుకున్నవాడు తిట్టేది ఇన్‌కాయిస్‌ని కాదు, మిమ్మల్ని. "పాయింట్" అన్న మాట స్టూడియోలో నిషేధించండి. డిగ్రీలు, నిమిషాలు అనే చదవాలి.

ఈ బులెటిన్ ముందు రాత్రి రికార్డు చేసి కంప్యూటర్‌కి అప్పగించి పడుకోవడం మామూలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం అలా చేయకండి. రాత్రి తొమ్మిదికి లేని హెచ్చరిక మూడింటికి ఉండొచ్చు. ఎవరో ఒకరు మూడింటికి లేచి వాతావరణ శాఖ హెచ్చరిక చూడాల్సిందే. ప్రతి బులెటిన్ మొదట్లో "ఇది ఫలానా గంటకు ఇచ్చిన సమాచారం" అని చెప్పడం తప్పనిసరి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లను కూడా విడమరిచి చెప్పాలి. నంబరు పెరిగే కొద్దీ గాలి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను రేవును తన ఎడమ పక్కన వదిలి వెళ్తుందంటే 5, కుడి పక్కన వదిలితే 6, రేవు మీదుగా లేదా దగ్గరగా పోతే 7. తీవ్ర తుపానుకి అదే వరసలో 8, 9, 10. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. పడమరగా వచ్చే తుపానులో 6, 9 నంబర్లు పడిన రేవు వైపే గాలి సముద్రం మీద నుంచి ఊళ్ళోకి తోస్తుంది. అలాగని ప్రతి తుపానూ పడమరగా రాదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరం వెంబడే పైకి నడిచింది. ఇదంతా తుపాను రోజున చెబితే తలకెక్కదు. సెప్టెంబరులో, రోజుకో నంబరు చొప్పున, రెండు నిమిషాల ముక్కలుగా చేసి వేయండి.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. 30 మీటర్ల స్తంభం నుంచి లెక్క ప్రకారం సుమారు 23 కిలోమీటర్ల దాకా అడ్డు లేదు. యాంటెన్నా శక్తిని అడ్డంగా కూడగట్టి పంపడం వల్ల మీ 50 వాట్లు లెక్కకి 100 వాట్ల దాకా అయినా, బోటులో ఇంజను పక్కన పెట్టుకున్న చిన్న సెట్టుకి మాత్రం పది, పదిహేను కిలోమీటర్లు దాటితే నమ్మకం లేదు. కాబట్టి మీ రేడియో బోటు దించకముందు పనికొచ్చేది. సముద్రం లోపలున్నవాళ్ళకి మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ సెట్టు, అందులో ఆపదలో పిలిచే 16వ ఛానలు ఉండాల్సిందే. ఈ మాట మీరే గాల్లో చెప్పండి. ఇంకో చిక్కు, ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఎఫ్‌ఎం లేదు, ఉన్నవాటికి ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. వేలం పాక దగ్గరా, రెండు టీకొట్లలోనూ మంచి సెట్టు, చిన్న హారను స్పీకరు పెట్టించండి. వంద పోస్టర్లు అంటించే కంటే అది నయం.

ఇక గరగర సంగతి. రెండు కారణాలు ఉండొచ్చు, వాటిని వేరు చేయడం తేలిక. వేసవిలో చల్లటి సముద్రం మీద వేడిగాలి పొరలా పరుచుకుంటే దూరపు స్టేషన్లు వందల కిలోమీటర్లు దాటి వచ్చి మీద పడతాయి. గరగరలో తమిళం పాటో, తెలియని భాషో వినబడితే అదే కారణం. మీ తప్పు లేదు, చేయగలిగిందీ లేదు, గాలి మారితే పోతుంది. ఏ గొంతూ లేని ఉత్త గరగర అయితే మీ స్తంభం చూడండి.

ట్రాన్స్‌మిటర్ మీటరు యాంటెన్నాకి వెళ్ళే శక్తి, వెనక్కి వచ్చే శక్తి రెండూ చూపిస్తుంది. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ప్రసారం నడుస్తుండగా పుస్తకంలో రాయండి. 50 వాట్లు వెళ్తుంటే వెనక్కి 2 వాట్ల లోపు ఉండాలి, అంటే వెనక్కి వచ్చేదాన్ని కొలిచే ఎస్‌డబ్ల్యూఆర్ అనే లెక్కలో 1.5. పొద్దున 5 వాట్లు వెనక్కి వచ్చి, ఎండెక్కాక 1.5 వాట్లకి దిగిపోతుంటే యాంటెన్నా కేబులు కనెక్టరులో ఉప్పు తేమ చేరిందని అర్థం. మంచుకి తడుస్తుంది, ఎండకి ఆరుతుంది. ట్రాన్స్‌మిటర్ తనను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుంటుంది, మీకు గరగర. యాంటెన్నా మార్చాలని ఎవరైనా అంటే ఆగండి. పవర్ ఆపి, కనెక్టరు విప్పి చూడండి, లోపల పచ్చగా చిలుము కనబడుతుంది. కోసేసి కొత్త ఎన్-టైపు కనెక్టరు వేసి, తనంతట తాను అతుక్కుపోయే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టాలి. పై నుంచి కిందికి చుడితే మడతల్లో నీళ్ళు నిలుస్తాయి. దాని మీద మామూలు పీవీసీ టేపు. కేబులు గదిలోకి దూరే ముందు కిందికి ఒక ఉచ్చులా వంగి మళ్ళీ పైకి ఎక్కాలి, నీటి చుక్క ఆ వంపులో జారిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా వాన పెద్దగా ఉండదు కాబట్టి యాంటెన్నా మీద ఉప్పు పేరుకుంటుంది. ఆ నెలల్లో నెలకోసారి మంచినీళ్ళతో కడిగించండి. బోల్టులు ఇనుమువి వద్దు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు.

కేబులు దగ్గర పొదుపు చేసినవాళ్ళే ఎక్కువ. 30 మీటర్ల ఆర్‌జీ-213 వాడితే 50 వాట్లలో 31, 32 మాత్రమే పైకి చేరతాయి. అర అంగుళం ఫోమ్ కేబులుతో 43 చేరతాయి. ఆ తేడా కోసం పెద్ద ట్రాన్స్‌మిటర్ కొనలేరు, అనుమతీ ఉండదు.

కరెంటు విషయం. తుపాను తర్వాత రెండు మూడు రోజులు లైను రాకపోవడం మామూలే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉంటే, సగానికి మించి దించకుండా, నష్టాలు పోను సుమారు 1500 వాట్-గంటలు చేతికొస్తాయి. ట్రాన్స్‌మిటర్‌ని 20 వాట్లకి తగ్గించి, ఒక ల్యాప్‌టాప్, చిన్న మిక్సరుతో నడిపితే 120 వాట్లు తింటుంది. ఆపకుండా నడిపితే పన్నెండు గంటలే. గంటకు పావుగంట చొప్పున, సరిగ్గా గంట కొట్టగానే మొదలుపెట్టి, మధ్యలో ఇన్వర్టరు కూడా ఆపేస్తే రెండు రోజులు లాగుతుంది. 20 వాట్లకి తగ్గించినా వినే దూరం మూడోవంతుకి మించి తగ్గదు. వినేవాళ్ళ సెట్టులో కూడా సెల్లులు మిగులుతాయి. ఈ పద్ధతి ముందే చెప్పి ఉండాలి, లేకపోతే స్టేషను పోయిందనుకుంటారు.

ఒడ్డున రికార్డింగుకి కండెన్సర్ మైకు తీసుకెళ్ళకండి, తేమకి నెలల్లో పోతుంది. డైనమిక్ మైకు, దానికి బొచ్చు తొడుగు, నోటికి జానెడు దూరం, గాలి మోత పోవడానికి 100 హెర్ట్జ్ కింది శబ్దానికి కోత. ఆనించి పెట్టిన బోటు చాటున కూర్చోబెడితే సగం గాలి ఆగుతుంది.

మాట్లాడేది పాలెం మనిషి అయి ఉండాలి. పట్టపు మత్స్యకారుల ఇళ్ళలో తమిళం కలిసిన మాట ఉంది. అది గాల్లో వినబడితే ముసలివాళ్ళు కూడా తల తిప్పుతారు. చేపల పేర్లు కవ్వళ్ళు, కానాగంతలు, సావడాలు, నెత్తళ్ళు అనే చెప్పాలి, పుస్తకాల పేర్లు వద్దు. కాలువ గట్టున పీతలు పట్టే యానాదుల కాలనీలనీ మర్చిపోవద్దు. వాళ్ళ దగ్గరికి మైకు వెళ్ళాలి, వాళ్ళు స్టూడియోకి రారు.

నిబంధనల్లో తరచూ కాలు జారేవి కొన్ని. సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తలు మార్పు లేకుండా వేసుకోవచ్చు. కరెంటు కోత, మంచినీళ్ళు, వాతావరణం, పరీక్ష ఫలితాలు, అధికారులు ఇచ్చే ఆరోగ్య, విపత్తు హెచ్చరికలు వార్తల కిందికి రావు. కాబట్టి రెండు రేవుల మధ్య బల్లవల, ఐలవల అనే వలల తగాదా లాంటిది రేగినప్పుడు "వార్త" చదవద్దు, ఎవరి పక్షమూ తీసుకోవద్దు. రెండు రేవులూ మీ శ్రోతలే. గంగమ్మ కొలుపు పాటలు సంస్కృతిగా వేయొచ్చు, మత ప్రచారం ఎవరిదీ కుదరదు. సగం కార్యక్రమాలైనా ఊరి జనం పాల్గొని చేసినవి ఉండాలి. 2024 నిబంధనల ప్రకారం ప్రకటనలు గంటకు 12 నిమిషాల దాకా. ప్రసారం చేసిన ప్రతిదీ మూడు నెలలు దాచాలి. 64 కేబీపీఎస్‌లో గంటకు 29 ఎంబీ, రోజుకు ఆరు గంటలంటే మూడు నెలలకు 16 జీబీ కూడా దాటదు. చిన్న పెన్‌డ్రైవు చాలు, రెండు ఉంచండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. అప్పుడు చేపల చోట్ల సమాచారం రాదు, 3.15కి లేచేవాళ్ళూ తక్కువ. ఆ ప్రసారాన్ని ఉదయం 9కి జరిపి వల బాగుచేత, ఇంజను సర్వీసు, నిషేధ భృతికి కావాల్సిన కాగితాలు చెప్పండి. చెట్టు కింద వల ముందేసుకు కూర్చున్నవాళ్ళకి చేతులకే పని, చెవులు ఖాళీ. జూన్ 14 రాత్రికి మాత్రం పాత పట్టికలోకి వచ్చేయాలి. ఆ రాత్రి పాలెంలో ఎవరూ పడుకోరు, మీ బులెటిన్ కూడా మూడుంపావు దాకా ఆగకూడదు, పదకొండింటికే వేయండి.