పోస్టర్లు తీసేయండి, రెండు గాజు గిన్నెలు పెట్టండి

చవితి ముందు కాలనీ పర్యావరణ మేళాలో మట్టి గణపతి స్టాల్ పెడుతున్నామని, పోయినేడు పోస్టర్ల దగ్గర ఒక్క పిల్లాడూ ఆగలేదని రాశారు కదండీ. చదివించడం మానేసి చూపించండి.

ఒక గాజు గిన్నెలో నీళ్లు పోసి ఎండు మట్టి ఉండ, రెండోదాంట్లో అంతే సైజు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్క వేయండి. మట్టి బుడగలు వదులుతూ, అంచుల నుంచి పెచ్చులుగా ఊడిపోయి, చూస్తుండగానే అడుగున బురదై కూర్చుంటుంది. ప్లాస్టర్ సాయంత్రానికీ అలాగే ఉంటుంది. అది కరిగేదే లీటరు నీటికి 2 గ్రాముల చిల్లర.

మెలిక ఒకటుంది. మట్టి లోపలిదాకా ఎండాలి. పచ్చి ముద్ద వేస్తే ఎంతసేపటికీ విడిపోదు, జనం ముందు నవ్వులపాలవుతారు. ఉసిరికాయంత ఉండలు కొన్ని రోజుల ముందే చేసి ఎండబెట్టుకోండి. కాల్చొద్దు, కాలిస్తే ఇక అది కుండపెంకే. గణపతి బొమ్మనే వేసి చూపించకండి, పూజ కాకముందే నిమజ్జనమా అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు.

పక్క బల్ల మీద పత్రి పెట్టి పేర్లు చెప్పించండి. మారేడు, గరిక, జిల్లేడు, రేగు చాలు. 21 రకాలూ తేవాలని పట్టుబట్టకండి. అందులోని ఉమ్మెత్త, గన్నేరు విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, దాన్ని దూరం నుంచే చూపించండి.

బొమ్మలు చేయిస్తే చేతులు కడుక్కోవడానికి బకెట్, మగ్గు, పాత తువ్వాలు మీ దగ్గరే ఉంచుకోండి. లేకపోతే అమ్మలు పిల్లల్ని మట్టి ముట్టనివ్వరు.